ఎర్ర మొక్కలు నా ట్యాంక్‌లోకి రాగానే ఎందుకు పచ్చబడిపోతున్నాయి?

గాజుతోట
అందరికీ నమస్కారం. నా అక్వేరియం ట్యాంక్ 90×45×45 సెం.మీ. మట్టీ రాళ్లూ పోను 150 లీటర్ల నీళ్లు ఉంటాయనుకోండి. ఆక్వాసాయిల్ (మొక్కలకు తిండి ఉన్న మట్టి గుళికలు) వేశాను, కానిస్టర్ ఫిల్టర్ ఉంది, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ ఉంది, లైట్ రోజుకు పది గంటలు. వెనక రొటాలా రొటండిఫోలియా, రొటాలా మాక్రాండ్రా, మధ్యలో లూడ్విజియా సూపర్ రెడ్, ముందు ఆల్టర్నాంథెరా మినీ, నేలంతా మోంటే కార్లో. ఫొటోల్లో ఇవన్నీ ఎర్రగా మండిపోతుంటాయి కదా, నా దగ్గర మాత్రం రొటాలా పచ్చగా, లూడ్విజియా గోధుమ రంగులో ఉన్నాయి. మాక్రాండ్రా అయితే కింద నుంచి కుళ్లిపోతోంది. ఐరన్ ఎరువు సీసా మీద రాసిన డోసుకు రెట్టింపు వేస్తున్నా. రంగు రాలేదు సరికదా, అలంకారానికి పెట్టిన ఎండు కొమ్మ మీద నల్లటి వెంట్రుకల్లాంటి పాచి మొదలైంది. ఐరన్ మార్చాలా, లైట్ మార్చాలా?

పాచిశత్రువు
రెండూ ఇప్పుడే వద్దు. కేహెచ్ (నీళ్ల కార్బొనేట్ గట్టిదనం) ఎంత? లైట్ వెలిగిన మూడు నాలుగు గంటలకు పీహెచ్ ఎంత? సీఓటూ ఎప్పుడు ఆన్ అవుతుంది, లైట్ ఎప్పుడు? డ్రాప్ చెకర్ (సీఓటూ తక్కువైతే నీలంగా, సరిపోతే ఆకుపచ్చగా మారే చిన్న గాజు బుడ్డి) రంగేంటి? సీఓటూ సెకనుకు ఇన్ని బుడగలు అని మాత్రం చెప్పకండి, బుడగ సైజు ఒక్కో బుడగల కౌంటర్‌లో ఒక్కోలా ఉంటుంది.

గాజుతోట
కేహెచ్ 10. సీఓటూ, లైట్ రెండూ ఒకే టైమర్ మీద ఒకేసారి ఆన్ అవుతాయి. లైట్ వెలిగిన నాలుగు గంటలకు పీహెచ్ 7.4. అవే నీళ్లు గ్లాసులో తీసి ఒక రోజు బయట పెట్టి చూస్తే 8. డ్రాప్ చెకర్ నీలానికీ ఆకుపచ్చకూ మధ్యలో ఉంది.

పాచిశత్రువు
ఇంకేం, జవాబు మీరే చెప్పేశారు. కేహెచ్ 10, పీహెచ్ 7.4 అంటే మీ నీళ్లలో సీఓటూ లీటరుకు 12 మిల్లీగ్రాముల దగ్గర ఉంది. మన మొక్కలకు 25 నుంచి 30 కావాలి. కేహెచ్ మారనంత కాలం పీహెచ్ 0.3 తగ్గితే సీఓటూ రెట్టింపైనట్టు, పూర్తిగా 1 తగ్గితే పది రెట్లైనట్టు. కాబట్టి సీఓటూ ఎగిరిపోయిన గ్లాసు నీళ్లలో 8 ఉంటే ట్యాంక్‌లో 7కి రావాలి. కొమ్మల నుంచి దిగే రంగు నీళ్లు, కొన్ని ఎరువులు ఈ లెక్కను కాస్త తప్పిస్తాయి, అందుకే డ్రాప్ చెకర్ కూడా పెట్టుకుంటాం. దాంట్లో మాత్రం ట్యాంక్ నీళ్లు పోయకూడదు, కేహెచ్ 4 ఉన్న ద్రావణమే పోయాలి. అది రంగు మారడానికి గంట, రెండు గంటలు పడుతుంది కాబట్టి ఉదయం చూసి కంగారు పడొద్దు.

రెండో విషయం టైమర్. లైట్ వెలిగే సమయానికే సీఓటూ నిండుగా ఉండాలి. మీకేమో లైట్ వెలిగాకే మొదలవుతోంది. అంటే మొదటి రెండు గంటలు మొక్క ముందు వెలుగు ఉంది, తినడానికి ఏమీ లేదు. ఆ ఖాళీలోనే పాచి దూరుతుంది. లైట్‌కు రెండు గంటల ముందు ఆన్, లైట్ ఆరడానికి గంట ముందు ఆఫ్ పెట్టండి. లైట్ పది గంటలు చాలా ఎక్కువ, ఏడుకు దించండి.

ఇంకో ముఖ్యమైన మాట. సీఓటూ ఒక్కసారిగా పెంచకండి. మీరు ఇంట్లో ఉండే రోజున కొంచెం తిప్పి, సాయంత్రం దాకా చేపల్ని గమనించండి. పైకొచ్చి నీటి అంచున నోళ్లు తెరుస్తుంటే వెంటనే తగ్గించి ఎయిర్ పంప్ పెట్టేయండి.

కొత్తనీళ్లు
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. సీఓటూ పెంచితే చేపలకు ఆక్సిజన్ తగ్గిపోదా?

పాచిశత్రువు
తగ్గదు తమ్ముడూ. నీళ్లలో రెండూ ఉండొచ్చు, ఒకదాన్ని ఇంకొకటి బయటికి నెట్టేయదు. కాకపోతే నీళ్లలో సీఓటూ మరీ ఎక్కువైతే చేప తన రక్తంలోని సీఓటూను మొప్పల గుండా బయటికి వదలలేదు. ఆక్సిజన్ ఉన్నా ఊపిరాడనట్టే ఉంటుంది. నీటి పైభాగం సన్నగా కదులుతూ ఉండేలా ఫిల్టర్ పైపు తిప్పి పెట్టుకో. కొంచెం సీఓటూ ఎగిరిపోతుంది, పోనీ. ఆ మేరకు వాల్వ్ తిప్పుకుంటే సరిపోతుంది.

రసాయనం మాస్టారు
ఐరన్ గురించి నేను చెబుతాను. ఆకు ఎర్రబడేది ఐరన్ వల్ల కాదు. ఐరన్ లోపిస్తే కొత్త ఆకులు వెలిసిపోయి పుడతాయి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. ఆ లోపం లేని మొక్కకు రెట్టింపు ఐరన్ పోస్తే రెట్టింపు ఎరుపు రాదు. పైగా ఐరన్‌ను నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే పదార్థాల్లో ఈడీటీఏతో కట్టినది మీ పీహెచ్‌లో ఎక్కువసేపు నిలవదు, డీటీపీఏ రకం కొంత మెరుగు. సీసా వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చూసుకోండి.

అసలు సంగతి ఇది. మీ ట్యాంక్‌లో ఉన్న ఎరుపు ఒకటి కాదు, రెండు. రొటాలా గోరింట కుటుంబపు మొక్క. దాని ఎరుపు, లూడ్విజియా ఎరుపు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాల వల్ల వచ్చేవి. వెలుగు దండిగా ఉండి, ఆకులో చక్కెర తయారవుతూ, నత్రజని కొంచెం కరువైనప్పుడు ఇది పెరుగుతుంది. ఎండ దెబ్బ తగలకుండా ఆకు కప్పుకునే తెర లాంటిదన్నమాట. ఆల్టర్నాంథెరా తోటకూర కుటుంబానిది, మన పొన్నగంటికి దగ్గరి చుట్టం. దాని ఎరుపు బీటాలెయిన్ల వల్ల వస్తుంది. ఈ రెండు రంగు పదార్థాలూ కలిసి ఒకే మొక్కలో ఇంతవరకు ఎక్కడా కనిపించలేదు. బీటాలెయిన్ అణువులోనే నత్రజని ఉంటుంది. అందుకని నత్రజని కోసేస్తే రొటాలా ఎర్రబడొచ్చు గానీ ఆల్టర్నాంథెరా చిక్కిపోయి అడుగు ఆకులు రాల్చేస్తుంది. ఇద్దరినీ ఒకే మందుతో ఎర్రబరచాలనుకుంటేనే తంటా.

లూడ్విజియా లవర్
మాస్టారు చెప్పింది నిజమే, నేను ఇంకో అడుగు ముందుకేస్తా. నా ట్యాంక్‌లో నైట్రేట్ (మొక్క నత్రజని తీసుకునే రూపం) లీటరుకు 5 మిల్లీగ్రాముల దగ్గరే ఉంచుతాను, ఎప్పుడూ 10 దాటనివ్వను. రొటాలా నారింజ నుంచి గులాబీ దాకా వస్తుంది, పెరుగుదల నిదానం, కత్తెర పని తక్కువ. 20, 30 పెట్టి పెంచేవాళ్ల రొటాలా చూడండి, ఏపుగా ఉంటుంది, కానీ పచ్చనే. కావాలంటే ఫాస్ఫేట్, పొటాషియం తగ్గించకండి, నైట్రేట్ ఒక్కటే బిగించండి.

పాచిశత్రువు
మీ ట్యాంక్‌లో మెత్తని నీళ్లు, కొత్త ఆక్వాసాయిల్ ఉన్నాయి అన్నా. నీళ్లలో 5 కనిపిస్తున్నా వేళ్ల దగ్గర మట్టి తిండి పెడుతూనే ఉంది. ఏడాది, రెండేళ్లు దాటి ఆ మట్టి ఖాళీ అయ్యాక కూడా అదే 5 మీద నడపండి, అప్పుడు మాట్లాడుకుందాం. గాజుతోట గారికి ఇప్పుడు ఆకలి పెడితే ఉన్న మొక్కలు కూడా ఆగిపోతాయి. ముందు పెరగనివ్వండి, తర్వాత బిగించుకోవచ్చు.

లూడ్విజియా లవర్
మట్టి మాట ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను. ఏపుగా పెరిగితే చాలు, రంగు దానంతట అదే వస్తుందనే మాట నాకెప్పుడూ నిజం కాలేదు.

నెమ్మది ట్యాంక్
మీ ఇద్దరూ ఈ గొడవ ప్రతి థ్రెడ్‌లోనూ పెట్టుకుంటారు. నేను సీఓటూ లేకుండానే రంగుల ట్యాంక్ నడుపుతున్నా, ఆ దారి కూడా ఉందని చెప్పడానికి రాస్తున్నా. రెడ్ టైగర్ లోటస్ గడ్డ ఒక్కటి చాలు, ట్యాంక్ మధ్యలో ఎర్రగా విచ్చుకుంటుంది. పైకి తేలే ఆకు కనబడగానే కాడ మొదట్లో గిల్లేస్తే కింది ఆకులే గుంపుగా వస్తాయి, వదిలేస్తే నీటి పైభాగమంతా కప్పేస్తుంది. క్రిప్టోకొరైన్ వెండ్టీలో గోధుమ రకాలు, రాగి రంగు రకాలు ఉన్నాయి. వేళ్ల దగ్గర ఎరువు బిళ్ల పెడితే ఏళ్ల తరబడి ఉంటాయి. నాటిన కొత్తలో ఆకులన్నీ కరిగిపోతే పీకి పారేయకండి, వేరు బతికే ఉంటుంది, మళ్లీ చిగురిస్తుంది. బుసెఫలాండ్రా ఆకుల మీద నీలం మెరుపు ఉంటుంది, రాయికి కట్టేస్తే చాలు. లైట్ మాత్రం ఎక్కువ పెట్టకూడదు. వెలుగు పెంచితే సీఓటూ అడుగుతాయి, అది లేకపోతే పాచి వస్తుంది, అంతే.

ఇంకోటి, మీరు నాటినప్పటి ఆకుల గురించి మాట్లాడకండి. నర్సరీల్లో ఈ మొక్కల్ని చాలావరకు నీటి బయట, తడిలో పెంచుతారు. రొటాలా రొటండిఫోలియా గాలిలో గుండ్రటి పచ్చ ఆకు వేస్తుంది, నీళ్లలో మునిగాక సన్నటి ఆకు వేస్తుంది. పాత ఆకు పోవాల్సిందే. కొత్త చిగురు రంగు చూసి లెక్క వేసుకోండి.

రాయీకొమ్మా
నేను డిజైన్ వైపు నుంచి మాట్లాడతా. గాజుతోట గారూ, మీ మొక్కల జాబితాలో మోంటే కార్లో తప్ప అన్నీ ఎరుపే. అన్నీ ఎర్రబడినా ట్యాంక్ రంగులమయంగా కనిపించదు, ముద్దగా కనిపిస్తుంది. ఎరుపు కనబడాలంటే చుట్టూ పచ్చ కావాలి. నేనైతే ట్యాంక్‌లో ఐదో వంతు కంటే ఎక్కువ ఎరుపు పెట్టను. అది కూడా సరిగ్గా మధ్యలో కాదు, ఎడమ నుంచో కుడి నుంచో మూడో వంతు దూరంలో ఒక్క గుత్తి. దాని పక్కన లేత పసుపుపచ్చ, సన్నటి ఆకులున్న మొక్క, వెనక ముదురు ఆకుపచ్చ. పెద్ద ఆకు పక్కన చిన్న ఆకు, నిలువు మొక్క పక్కన పాకే మొక్క.

రెండు సంప్రదాయాలు చూసి నేర్చుకోవచ్చు. డచ్ పద్ధతిలో రాళ్లు, కొమ్మలు దాదాపు ఉండవు, అంతా మొక్కల గుంపులే. ఒక్కో జాతి ఒక్కో గుంపు, ముందు నుంచి వెనక్కి మెట్లుగా ఏటవాలు వీధుల్లా వెళ్తాయి. పక్కపక్క గుంపుల రంగు, ఆకు తీరు ఎప్పుడూ వేరువేరుగా ఉండాలి. రెండోది జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో తెచ్చిన నేచర్ అక్వేరియం. ఆయన 1982లో ఏడీఏ అనే అక్వేరియం సామాన్ల కంపెనీ పెట్టారు, 2015లో చనిపోయారు. ఆయన ట్యాంకుల్లో రాయి, కొమ్మ, ఖాళీ స్థలం ముఖ్యం, ఎరుపు ఎక్కడో ఒక చోటే తగులుతుంది. మీకు ఇన్ని జాతులు పెంచాలని ఉంటే డచ్ వైపు వెళ్లండి, కొమ్మ తీసేయండి. కొమ్మే కావాలనుకుంటే రెండు ఎర్ర జాతులు వదులుకోండి.

మట్టి వెనక 10 సెం.మీ., ముందు 3 సెం.మీ. ఉండేలా వాలు పెట్టండి. 45 సెం.మీ. లోతు ట్యాంక్ కూడా ఇంకా లోతుగా కనిపిస్తుంది.

కొత్తనీళ్లు
ఆ ఫొటోల్లో అంత ఎరుపు ఎలా వస్తుంది మరి? ఎడిటింగేనా?

రాయీకొమ్మా
కొంత ఎడిటింగ్, కొంత లైట్. ఎర్ర ఆకు తన మీద పడిన ఎర్ర కాంతినే తిరిగి చూపిస్తుంది. చల్లటి తెల్ల ఎల్‌ఈడీలో ఎరుపు భాగం తక్కువ, అందుకే ఎంత మంచి మొక్కైనా దాని కింద మట్టి రంగులో ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా ఉన్న ఆర్‌జీబీ లైట్ పెడితే అదే మొక్క వెలిగిపోతుంది. మొక్క మారలేదు, కనిపించే తీరు మారింది. అనుమానంగా ఉంటే ఒక చిగురు తుంచి పగటి వెలుతురులో చూడండి, అదీ దాని అసలు రంగు.

చేపలపిచ్చి
మొక్కల గోలలో చేపల్ని మరిచిపోయారు. రంగుల్లో సగం వాటిదే. గాజుతోట గారూ, మీ దగ్గర ఏమున్నాయి?

గాజుతోట
కార్డినల్ టెట్రాలు పది, రమ్మీనోస్ ఆరు, గప్పీలు కొన్ని, ఒక ఏంజెల్. రమ్మీనోస్ ముక్కులు పాలిపోయి ఉన్నాయి, రంగు తిండి పెట్టాలా?

చేపలపిచ్చి
తిండి సంగతి తర్వాత. రమ్మీనోస్ ముక్కే ఉచితంగా వచ్చే టెస్ట్ కిట్. నీళ్లు తేడా చేసినా, భయపడినా ముందు ఆ ఎరుపే పోతుంది. అమ్మోనియా, నైట్రైట్ చూడండి, రెండూ సున్నా ఉండాలి. ఆరు చేపలు వాటికి తక్కువ, పది పన్నెండు ఉంటేనే గుంపు కట్టి ధైర్యంగా తిరుగుతాయి. ఏంజెల్‌ను వేరే ట్యాంక్‌కు పంపండి. ఇప్పుడు చిన్నదే, పెరిగాక కార్డినళ్లు దాని నోట్లో పడతాయి. గప్పీలకు మీ గట్టి నీళ్లు ఇష్టం, టెట్రాలకు మెత్తని నీళ్లు ఇష్టం. ఏదో ఒక వైపు తేల్చుకోండి.

కార్డినల్, నియాన్ టెట్రాల నీలం గీత చూశారా? అది రంగు పదార్థం కాదు. చర్మంలో గ్వానిన్ స్ఫటికాల పలకలు పొరలుగా ఉండి కాంతిని అలా వెనక్కి కొడతాయి. రాత్రి ఆ పలకల అమరిక మారి గీత వెలవెలబోతుంది, ఉదయం లైట్ వేసిన కాసేపటికి మళ్లీ వస్తుంది. తెల్లారగానే చేప రంగు పోయిందని థ్రెడ్ మొదలెట్టేవాళ్లు చదువుకోండి. తెల్ల ఇసుక మీద చేపలు పాలిపోతాయి, ముదురు మట్టి మీద రంగు ముదురుతుంది, కాబట్టి మీ ఆక్వాసాయిల్ మంచి పని చేస్తోంది. రంగు విషయంలో నా సలహా ఒక్కటే, ఒకే జాతి, పెద్ద గుంపు. పచ్చని రొటాలా ముందు ఇరవై నారింజ రంగు ఎంబర్ టెట్రాలు తిరుగుతుంటే ఎర్ర మొక్క లేని లోటే తెలియదు.

కొత్తనీళ్లు
గోల్డ్‌ఫిష్ కూడా నారింజే కదా అన్నా, పెట్టొచ్చా?

చేపలపిచ్చి
పెట్టొచ్చు, మొక్కలు తీసేశాక.

నెమ్మది ట్యాంక్
హహ. దానికి మోంటే కార్లో అంటే మేత.

గాజుతోట
చాలా విషయాలు తెలిశాయి, అందరికీ థ్యాంక్స్. ఏంజెల్‌ను స్నేహితుడికి ఇచ్చేస్తున్నా. టైమర్లు విడదీశా. కొమ్మ మీది నల్ల పాచి సంగతి ఎవరైనా చెప్పండి. బ్రష్‌తో రుద్దినా పోవట్లేదు.

పాచిశత్రువు
అది బ్లాక్ బియర్డ్ ఆల్గే. తమాషా ఏంటంటే శాస్త్రం ప్రకారం అది ఎర్ర ఆల్గే జాతి. ఎరుపు కోసం మీరు పడ్డ పాట్లన్నిటికీ ట్యాంక్‌లో హాయిగా పెరిగిన ఒకే ఒక ఎర్ర మొక్క అదే. సీఓటూ ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ అవుతుంటే దానికి పండగ. నీళ్లు మార్చే రోజు, నీళ్లు సగానికి దించాక కొమ్మ బయటపడుతుంది కదా, దాని మీద మాత్రమే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చిన్న బ్రష్‌తో అద్దండి. ఐదు నిమిషాలు ఆగి నీళ్లు నింపండి. ఒకటి రెండు రోజుల్లో గులాబీ రంగుకు, తర్వాత తెలుపుకు తిరుగుతుంది, అప్పుడు రొయ్యలు, ఆల్గే తినే చేపలు దాన్ని పీక్కుతింటాయి. మోంటే కార్లో మీద, నాచు మొక్కల మీద పడకుండా చూసుకోండి. ద్రవ కార్బన్ పేరుతో అమ్మే గ్లూటరాల్డిహైడ్ కూడా దీని మీద పనిచేస్తుంది, కానీ వల్లిస్నేరియా దాన్ని తట్టుకోలేదు. కారణం సరిచేయకుండా ఏది పూసినా మళ్లీ వస్తుంది.

ప్రతి వారం 40, 50 శాతం నీళ్లు మార్చండి. క్లోరిన్ తీసే మందు వేసి, ట్యాంక్ వేడికి దగ్గరగా ఉన్న నీళ్లే పోయండి. ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద కడగొద్దు, ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలో పిండండి. అందులో ఉండి అమ్మోనియాను తినే బ్యాక్టీరియా చస్తే మళ్లీ అమ్మోనియా దగ్గర మొదలవుతారు.

లూడ్విజియా లవర్
మాక్రాండ్రా గురించి ఎవరూ చెప్పలేదు. కేహెచ్ 10లో దాన్ని వదిలేయండి. ఆర్‌ఓ నీళ్లు కలిపి కేహెచ్ 3, 4కు దించే ఓపిక ఉంటే తప్ప అది మీ దగ్గర నిలవదు. లూడ్విజియా సూపర్ రెడ్, ఆల్టర్నాంథెరా గట్టి నీళ్లలోనూ వస్తాయి.

గాజుతోట
అప్‌డేట్. కొన్ని వారాలు గడిచాయి. సీఓటూ మెల్లగా పెంచుకుంటూ వచ్చా, ఇప్పుడు పీహెచ్ 7.0, డ్రాప్ చెకర్ లేత ఆకుపచ్చ. లైట్ ఏడు గంటలు. ఐరన్ మామూలు డోసుకు తెచ్చా. మాక్రాండ్రా పోయింది. లూడ్విజియా పై నాలుగు జతల ఆకులు ముదురు ఎరుపు, కిందవి ఇంకా గోధుమే. ఆల్టర్నాంథెరా ఆకు అడుగు భాగం ముదురు గులాబీ. రొటాలా మాత్రం వెలుగుకు దగ్గరగా ఉన్న కొనల్లో కొంచెం నారింజ, అంతే. ఏపుగా పెరిగి నీటి పైదాకా వచ్చేసింది, కింద కాడలు బోడిగా ఉన్నాయి. కత్తిరించాలా?

రాయీకొమ్మా
వెంటనే. మొదటిసారి భయపడకుండా కిందకు కత్తిరించండి, మీరు చివరికి కోరుకునే ఎత్తులో సగం దగ్గర. కణుపుకు కొంచెం పైన కోస్తే అక్కడి నుంచి రెండు చిగుళ్లు వస్తాయి. ముందు వరస పొట్టిగా, వెనక వరస పొడుగ్గా, కత్తెర ఏటవాలుగా నడపాలి. రెండోసారి మొదటి కోతకు రెండు వేళ్లు పైన, మూడోసారి ఇంకొంచెం పైన. అలా గుత్తి చిక్కబడి గుండ్రంగా వస్తుంది, చిగుళ్లన్నీ ఒకే వెలుగులో ఉంటాయి కాబట్టి రంగు కూడా ఒకేలా వస్తుంది. కొన్నాళ్లకు అడుగు కాడ ముదిరి చిగురు బలహీనపడుతుంది. అప్పుడు పాతవి పీకి, పై కొనలు నాటుకోండి. కోసిన రోజే నీళ్లు మార్చండి, తేలే ముక్కలు ఒక్కటి కూడా వదలకండి.

లూడ్విజియా అలా కాదు. పై కొన కోసి దాన్నే మట్టిలో గుచ్చండి, గోధుమ ఆకుల కాడ తీసేయండి.

లూడ్విజియా లవర్
రొటాలా కోత కోలుకున్నాక నైట్రేట్ మెల్లగా 10కి దించి చూడండి. పాచిశత్రువు అన్న ఏమన్నా సరే.

పాచిశత్రువు
దించుకోనీ. ఆల్టర్నాంథెరా అడుగు ఆకులు రాలితే మాత్రం మాస్టారి పోస్ట్ మళ్లీ చదవమనండి. దాని వేళ్ల దగ్గర ఎరువు బిళ్ల పెట్టి ఆ పని చేస్తే నాకూ పెద్దగా అభ్యంతరం లేదు.

గాజుతోట
బిళ్ల ఎంత లోతులో పెట్టాలి?

నెమ్మది ట్యాంక్
పొడుగు ట్వీజర్‌తో మట్టి అడుగు దాకా తోసేయండి, మొక్కకు నాలుగు వేళ్ల దూరంలో. పైపైన పెడితే అది నీళ్లలో కరిగి, పాచిశత్రువు గారికి మళ్లీ పని పెడుతుంది.